ఇన్సులిన్ పంపు: మోసేవాళ్లే ఎంచుకోవాలి

నమస్తే అండి. గాజువాక నుంచి ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది. టైప్ వన్ డయాబెటిస్, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాదు. ఇంటర్లో చేరబోతోంది. ఇంట్లో ఇన్సులిన్ పంపు కొందామంటున్నారట, "ఏది మంచిది అన్నా?" అని అడిగింది. నేనూ టైప్ వన్నే, నా నడుముకీ పంపు ఉంది. అందుకే ఈ వీడియో. డోసులూ సెట్టింగులూ మాత్రం మీ డాక్టర్ గారి దగ్గరే తేల్చుకోవాలి.

చూడమ్మా, పంపంటే చర్మం కింద గుచ్చిన సన్నని గొట్టం (కెనులా) ద్వారా ఇన్సులిన్ ఇచ్చే చిన్న మెషీన్. దాంట్లో ఉండేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే. రోజంతా కొద్దికొద్దిగా వదులుతూ ఉంటుంది, అది బేసల్. తినే ముందు ఎన్ని కార్బ్స్ (పిండిపదార్థాలు) తింటున్నావో చెప్తే దానికి తగ్గట్టు ఇచ్చేది బోలస్. రోజూ వేసుకునే లాంగ్ యాక్టింగ్ ఇంజెక్షన్ ఇక ఉండదు. హాయి అక్కడే ఉంది, ప్రమాదమూ అక్కడే ఉంది. చర్మం కింద కెనులా మడతపడిందనుకో, ఒంట్లో వెనక ఆదుకోడానికి ఇంకో ఇన్సులిన్ లేదు. కొన్ని గంటల్లోనే కీటోన్లు, అంటే ఇన్సులిన్ లేనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాలు, పెరిగిపోతాయి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, ఆ తర్వాత ఐసీయూ. కాబట్టి షుగర్ 250 దాటి, కరెక్షన్ ఇచ్చినా దిగడం లేదంటే ఆ పంపుని నమ్మొద్దు. కీటోన్లు చూసుకో, ఇంజెక్షన్ పెన్నుతో ఇన్సులిన్ వేసుకో, సెట్ (ట్యూబూ కెనులా) మార్చెయ్, పక్కనున్నవాళ్లకి చెప్పు. పంపు వచ్చింది కదాని పెన్ను పడేసే ఇంట్లో పంపు ఉండకూడదు, ఇది నేను గట్టిగా అంటాను.

ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా వినిపిస్తున్న పేరు మెడ్‌ట్రానిక్ 780జీ. ఒంటికి అంటించుకున్న షుగర్ సెన్సర్ రీడింగు చూసుకుని ఐదు నిమిషాలకోసారి ఇన్సులిన్ తనే సర్దుతుంది. రాత్రి నిద్రకి ఇది వరం. రెండింటికి లేచి వేలు గుచ్చి చూసే అమ్మలకి ఆ మాట విలువ తెలుసు. కానీ నువ్వు తిన్నది దానికి కనపడదు. వండిన అన్నం 100 గ్రాములకి సుమారు 28 గ్రాముల కార్బ్స్. ఇంట్లో చిన్న తూకం మెషీన్ పెట్టుకుని కొన్నాళ్లు కంచంలో అన్నం తూచి తిను, కంటికి లెక్క అలవాటవుతుంది. బిర్యానీ దగ్గర మాత్రం జాగ్రత్త. నూనె వల్ల షుగర్ ఆలస్యంగా, చాలాసేపు పెరుగుతుంది. బోలస్‌ని కొంత ఇప్పుడు, కొంత తర్వాత ఇచ్చే సదుపాయం చాలా పంపుల్లో ఉంది. 780జీ ఆటో మోడ్‌లో, అంటే ఇన్సులిన్ తనే సర్దుతున్నప్పుడు, అది ఉండదు. అమ్మేవాళ్లు ఈ మాట వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు, నువ్వే అడుగు.

ఆ అమ్మాయికి అన్నింటికంటే ముందు నేను అడిగేది, కాలేజీ ఎక్కడ అని. రెసిడెన్షియల్ అయితే చాలాచోట్ల ఫోన్ ఉండనివ్వరు. ఫోన్ లేకుండా పంపు నడుస్తుందా? ఈ ఒక్క ప్రశ్నకే కొన్ని మోడళ్లు పక్కకి పోతాయి. 780జీకి సెన్సర్ నేరుగా పంపుతోనే మాట్లాడుతుంది. ఫోన్ కావలసింది ఇంట్లోవాళ్లు రీడింగు చూసుకోడానికే. అది నడిచేది మామూలు ఏఏ పెన్సిల్ బ్యాటరీతో, అంటే హాస్టల్ ఎదురుగా ఉన్న కొట్లోనే దొరుకుతుంది. చిన్న విషయంలా ఉంటుంది గానీ రాత్రి పది గంటలకి అదే పెద్ద విషయం.

పరీక్షల సంగతి. టైప్ వన్ పిల్లలు హాల్లోకి షుగర్ మాత్రలు, పండ్లు, నీళ్లు తెచ్చుకోవచ్చని సీబీఎస్‌ఈ 2017లోనే చెప్పింది. పంపు మాత్రం చూసేవాళ్లకి ఎలక్ట్రానిక్ వస్తువు. గేటు దగ్గర వాదించుకునే పరిస్థితి తెచ్చుకోకుండా, డాక్టర్ గారి లెటర్ ముందే ప్రిన్సిపాల్ గారికి ఇచ్చి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ఇక మన వైజాగ్ చెమట. ఏప్రిల్, మే నెలల్లో సెట్ టేపు ఊడిపోవడం మామూలే. స్నానం చేసిన వెంటనే అంటించొద్దు. ఫ్యాన్ కింద ఒళ్లు పూర్తిగా ఆరనిచ్చి, స్పిరిట్‌తో తుడిచి, అదీ ఆరాక అంటించి, అరచేతిని దానిమీద కాసేపు అదిమి ఉంచు. ఆ వేడికి జిగురు బాగా పడుతుంది. బీచ్‌కి వెళ్లి పంపు తీసి పక్కన పెడితే, ఎండలో ఇసుక మీద వదిలేయకు. వేడికి లోపలి ఇన్సులిన్ పాడవుతుంది, చూస్తే మాత్రం ఏమీ తెలియదు.

సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తావా? 32 కిలోమీటర్లు, తొలిపావంచా నుంచి మొదలుపెట్టి రాత్రంతా నడక. చెయ్యొచ్చు, ఎవరూ వద్దనక్కర్లేదు. నడక మొదలుపెట్టడానికి గంటో రెండు గంటలో ముందే టెంప్ టార్గెట్ (కొంతసేపు షుగర్ లక్ష్యాన్ని పెంచి ఉంచే సెట్టింగు) పెట్టుకో. 780జీలో అది షుగర్‌ని 150 దగ్గర ఉంచడానికి చూస్తుంది. జేబులో గ్లూకోజ్, సంచిలో అదనపు సెట్, పెన్ను, పక్కన షుగర్ పడిపోతే ఏం చేయాలో తెలిసిన ఒక మనిషి. ఇవన్నీ ఉంటే నడువమ్మా.

అమ్మానాన్నలకి ఒక మాట. పంపు లక్షల్లో ఉంటుంది, అది ఒకసారి పెట్టే ఖర్చు. సెట్లు రెండు మూడు రోజులకోసారి మార్చాలి, సెన్సర్లు, రిజర్వాయర్లు (పంపులో ఇన్సులిన్ నింపే గొట్టాలు) ప్రతి నెలా కొనాలి. ఆ నెల ఖర్చు కాగితం మీద రాయించుకుని, నాలుగేళ్లకి లెక్కేసి, అప్పుడు నిర్ణయించండి. సెన్సర్లు కొనలేక మధ్యలో మూలపడేసే ఖరీదైన పంపు కంటే, సక్రమంగా వేసుకునే పెన్నులు వెయ్యి రెట్లు మేలు. పెన్నులతో ఉన్నంతమాత్రాన పిల్లకి ఏదో తక్కువ చేసినట్టు కాదండి.

ఇంకోటి, నిర్ణయం పిల్లది కావాలి. డ్రెస్సులో ఎక్కడ పెట్టుకోవాలి, నిద్రలో ట్యూబు లాగితే ఎలా, ఫ్రెండ్స్ అడిగితే ఏం చెప్పాలి, ఇవి తన ప్రశ్నలు. నాకు తెలిసిన ఒక అమ్మాయి పూర్ణా మార్కెట్ దగ్గర టైలర్‌తో చుడీదార్ లోపలి వైపు చిన్న జేబు కుట్టించుకుంది, ట్యూబు రావడానికి కాజా పెట్టించి మరీ. లంగా ఓణీకి కూడా అదే పద్ధతి. అలా తనే దారి వెతుక్కుంటున్న పిల్ల పంపుని మోయగలదు. ఇష్టం లేదంటే ఆరు నెలలు ఆగండి.

కొనే ముందు ఇన్సులిన్ బదులు ఉత్త సెలైన్‌తో పంపు కొన్ని రోజులు పెట్టుకుని చూసే వీలుందేమో మీ డాక్టర్ గారిని అడగండి. కంపెనీ మనిషి ఇంటికి వచ్చినప్పుడు అమ్మాయే అడగాలి: ఆదివారం రాత్రి పంపు ఆగిపోతే ఫోన్ ఎత్తేది ఎవరు, బదులు పంపు వైజాగ్‌కి ఎన్ని రోజుల్లో వస్తుంది? ఆ జవాబు రాసి ఇవ్వమనండి.