‘కొనండి’ నొక్కితే కొన్నట్టేనా?

"ఓటీటీలు ఇన్ని ఉండగా డీవీడీ, బ్లూరే లాంటి డిస్కులు ఎందుకండీ?" అని అడిగితే నాకేం ఇబ్బంది లేదు. కానీ "ఆ సిరీస్ ఆన్‌లైన్‌లో కొనేశాను, ఇక ఎప్పటికీ నాదే" అంటే మాత్రం ఊరుకోలేను. మీరు డబ్బు కట్టారు, నిజమే. అయినా అది మీది కాలేదు.

ఒక బీరువా కొన్నారనుకోండి. పూర్తి ధర కట్టేశారు. అప్పుడు షాపాయన, "బీరువా మీదే. కానీ మా ఇంట్లోనే ఉంటుంది, తాళం నా దగ్గరుంటుంది. కావాలన్నప్పుడు వస్తే తీసి చూపిస్తాను" అన్నాడు. ఒప్పుకుంటారా? ఆన్‌లైన్‌లో ‘కొనండి’ నొక్కిన ప్రతిసారీ మనం ఒప్పుకుంటున్నది ఇదే. మన చేతికి వచ్చేది చూసుకునే లైసెన్సు మాత్రమే.

ఇంకా ఉంది. ఆ షాపాయన ఉంటున్నది కూడా అద్దె ఇల్లే! షో హక్కులు చాలాసార్లు వేరే సంస్థవి. వాళ్ల మధ్య ఒప్పందం ముగిస్తే ఈయన ఇల్లు ఖాళీ చేయాలి. మరి లోపలున్న మన బీరువా సంగతి?

(తెర మీద: డిసెంబరు 2023)

డిస్కవరీ షోలను కొనుక్కున్నవాళ్ల లైబ్రరీల నుంచి వాటిని తీసేస్తామని సోనీ వాళ్ల గేమింగ్ వేదిక ప్లేస్టేషన్ ప్రకటించింది. నెలనెలా చందా కట్టి చూసేవి కావు, డబ్బిచ్చి కొన్నవి. జనం గట్టిగా అడిగాక, కొత్త ఒప్పందం కుదిరిందనీ, కనీసం 30 నెలలు అందుబాటులో ఉంటాయనీ చెప్పారు. కొన్న వస్తువుకి నెలల లెక్క ఏంటండీ? నాకు ఒళ్లు మండేది అక్కడే.

కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. ఇస్తున్నది లైసెన్సేనని స్పష్టంగా చెప్పకుండా, వెనక్కి తీసుకోగలిగే డిజిటల్ సరుకుని ‘కొనండి’ అంటూ అమ్మకూడదు. పొయ్యే షో పోకుండా అది ఆపలేదు. అయినా మంచి చట్టం, ముందే తెలుస్తుంది కదా.

నెలవారీ చందా మీద నాకు కోపం లేదు. షాపాయన ఇంట్లో వందల బీరువాలున్నాయి, నెలకింత కట్టి ఏది కావాలంటే అది తెరిపించుకుంటాం. ఎవరూ ‘మీది’ అనడం లేదు. కాకపోతే ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ఆయనిష్టం. డిస్నీ ప్లస్ కోసమే తీసిన ‘విల్లో’ సిరీస్ 2022 నవంబరులో వచ్చింది, 2023 మేలో అక్కడి నుంచే తీసేశారు. అప్పటికి డిస్కు కూడా రాలేదు. ఏళ్ల తరబడి ఎందరో కష్టపడి చేసిన పని, ఆరు నెలలకే కనిపించకుండా పోయింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

డిస్కు అంటే బీరువా మన ఇంటికి రావడం. తాళం మన దగ్గర. నెట్ లేకపోయినా చూడొచ్చు, స్నేహితులకి ఇవ్వొచ్చు, అమ్ముకోవచ్చు. బొమ్మ కూడా బావుంటుంది. బ్లూరేలో వీడియోకి సెకనుకు 40 మెగాబిట్ల దాకా చోటుంది. అత్యంత స్పష్టమైన 4కే బొమ్మ చూడ్డానికి నెట్‌ఫ్లిక్స్ అడిగే నెట్ స్పీడే 15 మెగాబిట్లు. ఆన్‌లైన్‌లో చూసేటప్పుడు చీకటి సీన్లలో నలుపు గళ్లుగళ్లుగా విడిపోవడం చూశారా? అక్కడ తేడా బాగా తెలుస్తుంది.

టైమ్ అయిపోతోంది, డిస్కు లోపాలు గబగబా చెప్పేస్తాను. మన ఇంట్లో ఉన్నా బీరువా తుప్పు పట్టొచ్చు, కొన్ని డిస్కులు ఏళ్లు గడిచాక పాడవుతాయి. ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో చెప్పే రీజియన్ కోడ్ కలవకపోతే ప్లే అవదు. పాటల హక్కులు దొరక్క డిస్కులో సంగీతం మార్చిన షోలూ ఉన్నాయి. అసలు డిస్కుగా రానివి బోలెడు.

అందుకే అన్నీ కొనక్కర్లేదు. మీరు రెండుమూడుసార్లు చూసి, మళ్లీ చూడాలనుకునే షోలు ఏవో రాసుకోండి. అవి డిస్కులో కొనండి, మిగతావాటికి చందా చాలు. డిస్కు రాగానే అన్ని ఎపిసోడ్లూ ఒకసారి ప్లే చేసి చూడండి. ఏదైనా ఆగిపోతుంటే, వెనక్కిచ్చే గడువు దాటకముందే మార్పించుకోవచ్చు.