పాత కోళ్ళలోకి కొత్త పిల్లలు: గంపా? రాత్రి కలపడమా? జాలీయా?

నమస్కారం అండీ. వెనకాల అరుపులు వినిపిస్తున్నాయి కదా, అవి మా పెరట్లో కోళ్ళే. నాలుగు నాటు పెట్టలు, ఒక పుంజు. వీటిలోకి ఈ ఏడాది ఆరు గ్రామప్రియ పిల్లల్ని కలిపాను. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం ఇది. గోధుమరంగు గుడ్లు పెడుతుంది.

"పిల్లల్ని వదిలితే పాతవి పొడిచి చంపుతున్నాయి, ఏం చేయాలి?" అని చాలామంది అడుగుతున్నారు. నేను మూడు పద్ధతులూ వాడి చూశాను. ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

మొదటిది మా అమ్మమ్మ పద్ధతి, గంప. పెరటి మధ్యలో పిల్లల్ని గంప కింద మూసేయడం. గాలి ఆడుతుంది, గద్ద తన్నుకుపోదు. కానీ ఈ సందు చూడండి. నా వేలు పడుతోంది. పెట్ట ముక్కూ పడుతుంది. లోపల పిల్లకి వెనక్కి జరగడానికి చోటుండదు. పోయిన ఏడాది ఒక పిల్లకి ఇలాగే నెత్తి మీద పోటు పడింది. చుక్క రక్తమే. కోళ్ళకి ఎరుపు కనిపిస్తే ఆగవండీ, మిగతావీ వచ్చి అదే చోట పొడిచాయి. నేను వంటింట్లోంచి వచ్చేసరికే ఆలస్యమైంది. ఆ పిల్ల దక్కలేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రెండోది, రాత్రి గూట్లో కర్ర మీద పాతవాటి పక్కన కూర్చోబెట్టడం. చీకట్లో కోడికి చూపు ఆనదు కాబట్టి గొడవ ఉండదు. అసలు గొడవ తెల్లారాక, గూడు తెరవకముందే మొదలవుతుంది. ఒకటి రెండు రోజులు మీరు కోడి కూతకే లేచి తలుపు తీయగలిగితేనే ఇది చేయండి.

మూడోది జాలీ. నా ఓటు దీనికే. అరంగుళం కన్నాల వెల్డ్ మెష్. కన్నం ఇంతకంటే పెద్దదైతే పిల్ల తల బయటికి పెడుతుంది, జాగ్రత్త. పెరట్లో ఒక మూల దీనితో అడ్డం కట్టి పిల్లల్ని అటువైపు ఉంచాను. మొదటి రోజు మా నల్లపెట్ట, అదే ఇక్కడ పెద్దరికం చేసేది, మెడ ఈకలు రేపుకుని ఒంటికన్నుతో చూస్తూ నిలబడింది. నాలుగో రోజు దాకా జాలీని టకటకా పొడిచింది. అప్పుడు నేను దాణా గిన్నెలు జాలీకి ఇటొకటి, అటొకటి ఆనించి పెట్టాను. పదో రోజుకి రెండు వైపులా ఎదురెదురుగా నిలబడి తింటున్నాయి! రెండు వారాలు పూర్తిగా ఉంచండి, తొందరపడొద్దు.

ఒక మాట. సంతలోంచో వేరే ఇంటినుంచో తెచ్చిన పక్షుల్ని నేరుగా జాలీ పక్కన పెట్టకండి. ముందు మూడు వారాలు దూరంగా ఉంచి చూడండి. కొక్కెర తెగులు వస్తే పెరడంతా ఖాళీ అయిపోతుంది. ఈ తెగులు రాకుండా పిల్లలకి వారం రోజుల వయసులో లసోటా టీకా, ఎనిమిది వారాలకి ఆర్‌టూబీ టీకా పడాలి.

వయసు కూడా ముఖ్యం. ఆరు వారాల పిల్ల పెద్ద పెట్ట ముందు నిలవలేదు. నేను పన్నెండు వారాలు దాటి, ఒళ్ళు సుమారుగా సమానమయ్యాకే వదిలాను. కలిపాక అందరికీ గ్రోయర్ దాణానే, అంటే ఎదిగే పిల్లల దాణానే వేస్తున్నాను. గుడ్లు పెట్టే కోళ్ళ దాణాలో సున్నం ఎక్కువ, అది ఎదిగే పిల్లల మూత్రపిండాలకి చేటు. పెట్టలకి కావలసిన షెల్‌గ్రిట్, అంటే సున్నం కోసం వేసే ఆల్చిప్పల నూక, వేరే చిప్పలో పెడితే అవే తింటాయి.

వదిలేది సాయంత్రం, చీకటి పడటానికి గంట ముందు, ఆరింటినీ ఒకేసారి. ఒంటరిగా ఒక్కదాన్ని ఎప్పుడూ వదలకండి. దాణా, నీళ్ళు రెండేసి చోట్ల పెట్టండి. గోడకి ఈ చెక్క ఇలా వాల్చాను చూడండి, తరిమినప్పుడు పిల్లలు దీని కిందకి దూరి అటునుంచి బయటపడతాయి. ఒకటి రెండు పోట్లు తప్పవు, మీరు మధ్యలోకి వెళ్ళకండి. రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే ఆ పిల్లని తీసి, పసుపు, కొబ్బరినూనె కలిపి రాసి, గంపని దూరంగా నీడలో పెట్టి దాని కింద ఉంచండి. గంప ఇక్కడ బంగారంలా పనికొస్తుంది.

ఇది నిన్న రాత్రి గూట్లో తీసిన వీడియో. ఐదు పిల్లలు కర్రకి ఈ చివర ఉన్నాయి. ఆరోది, అదిగో, నల్లపెట్ట రెక్క పక్కనే నిద్రపోతోంది.