కర్రకు అందని ఎత్తులో

శ్రోతలకు నమస్కారం.

చూపులేని వారి చేతిలోని తెల్ల కర్ర చెప్పే కబుర్లన్నీ నేల కబుర్లే. గుంత, మెట్టు, రాయి, మురుగు కాలువ అంచు. మోకాలికి పైన ఏముందో దానికి తెలియదు. ఆగి ఉన్న లారీ వెనుక నుంచి ఇనుప ఊచలు పొడుచుకు వచ్చాయనుకోండి, కర్ర వాటి కిందుగా సాఫీగా సాగిపోతుంది. ఊచ తగిలేది నుదుటికి. మా వీధిలో ఉండే మాస్టారి ఎడమ కనుబొమ మీద ఒక మచ్చ ఉంది. "ఎవరో గాలి కోసం కిటికీ తెరిచారు, నాకిది మిగిలింది" అంటారు నవ్వుతూ.

ఇప్పుడు ఆయన చేతిలో ఉన్నది స్మార్ట్‌కేన్. ఢిల్లీ ఐఐటీలో 2005 ప్రాంతంలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై, ప్రొఫెసర్ ఎం. బాలకృష్ణన్ బృందం చేతిలో రూపుదిద్దుకుని, 2014లో బయటికి వచ్చింది. తయారయ్యేది చెన్నైలో. మామూలు మడత కర్రకే పైన పిడిలా ఒక పరికరం తొడుగుతారు, అంతే. అందులో నుంచి మన చెవికి అందని ధ్వని వెలువడి, ఎదుట ఉన్న దానికి తగిలి తిరిగి వస్తుంది. గబ్బిలానికి పుట్టుకతో వచ్చిన విద్య ఇదే. మూడు మీటర్ల దూరంలో ఉన్న స్తంభానికి తగిలి ధ్వని వెనక్కి రావడానికి సెకనులో 50వ వంతు కూడా పట్టదు. ఆ వ్యవధిని కొలిచి, దూరాన్ని లెక్కగట్టి, పిడి వణుకుతుంది.

"కళ్ళు మూసుకుని మా వరండాలో నడిచి చూడు" అన్నారు మాస్టారు. చూశాను. మొదట ఏమీ లేదు. రెండడుగులు వేశాక అరచేతిలో చిన్న అదురు, ఆగి ఆగి. ఇంకో అడుగుకు అది తొందరపడింది. చేయి చాస్తే చల్లగా గ్రిల్లు తగిలింది. అది గ్రిల్లని కర్ర చెప్పలేదు. గోడో, స్తంభమో, మనిషో, ఆవో, దానికి అన్నీ ఒకటే. నాకు కొంచెం నిరుత్సాహం కలిగిన మాట నిజం. మాస్టారికి కలగలేదు. "ఏమిటో నేను తెలుసుకుంటాను. ఎక్కడుందో చెబితే చాలు" అన్నారు.

చెప్పగలిగినంతా చెప్పాలని చూసిన పరికరాలూ ఉన్నాయి. 1969లో అమెరికాలో పాల్ బాక్ ఇ రీటా అనే శాస్త్రవేత్త, పళ్ళ డాక్టరు దగ్గర ఉండే కుర్చీ వెనుక భాగంలో వణికే మొనలు 400 అమర్చాడు. కెమెరాకు కనిపించే బొమ్మ, ఆ కుర్చీలో కూర్చున్న వారి వీపు మీద చుక్కలుగా తెలిసేది. సాధన చేసిన అంధులు అలా టెలిఫోను లాంటి వస్తువుల్ని గుర్తుపట్టారు. విచిత్రం ఏమిటంటే, కెమెరాను తామే అటూ ఇటూ తిప్పగలిగినప్పుడు, వస్తువు వీపు మీద కాక తమ ఎదుట ఉన్నట్టే వారికి తోచింది. ఆ తరువాత నెదర్లాండ్స్ ఇంజనీరు పీటర్ మైయర్ దృశ్యాన్ని శబ్దంగా మార్చాడు. ఎత్తున ఉన్నది కీచుగా, కింద ఉన్నది బొంగురుగా, వెలుగున్నది గట్టిగా, ఎడమ నుంచి కుడికి ఒక్క సెకనులో వినిపిస్తుంది.

గొప్ప ఊహలే, కాదనను. కానీ విజయవాడ బీసెంట్ రోడ్డులో నడిచే మనిషి చెవులకు తీరిక ఎక్కడిది? వెనుక ఆటో, పక్కన బేరం, ఎదురుగా సైకిల్ గంట, ఇవన్నీ ఆ చెవులే పట్టుకోవాలి. వాటి మీద మరో శబ్దం పోయడం, చూపున్న మనిషి కళ్ళ ముందు బొమ్మల పుస్తకం ఊపడం లాంటిదే. స్మార్ట్‌కేన్ చెవి జోలికి పోకుండా అరచేతితో మాట్లాడటం అందుకే నాకు నచ్చింది. ఈ ప్రసంగం వింటున్న మీలో చూపులేని వారు ఉంటే, ఇది నాకంటే మీకే బాగా తెలుసు.

ఈ కర్రతో తీరని ఇబ్బందులు లేకపోలేదు. మెత్తని గుడ్డ ధ్వనిని మింగేస్తుంది, ఏటవాలుగా ఉన్న నున్నని తలం దానిని పక్కకు విసిరేస్తుంది. బస్టాండులో వచ్చి ఆగిన బస్సు తొమ్మిదో నంబరో, పదో నంబరో తెలియదు. ఆ చివరి చిక్కు కోసం ఐఐటీ బృందమే ఆన్‌బోర్డ్ అనే పరికరం చేసింది. చేతిలో ఉన్న దాని మీట నొక్కితే దగ్గరలోని బస్సుల నంబర్లు చెబుతుంది. కావలసిన దానిని ఎంచుకుంటే, ఆ బస్సు తలుపు దగ్గరి స్పీకరు పలుకుతుంది. నంబరుతో పాటు తలుపు ఎటుందో కూడా తెలిసిపోతుంది. అయితే ప్రతి బస్సులోనూ రెండో సగం బిగించాలి. కర్రకు ఆ బాధ లేదు, అది ఒక్కరి చేతిలో ఉంటే చాలు.

పోయిన వారం మాస్టారు రైతు బజారు నుంచి వస్తుండగా సగం దారిలో పిడి వణకడం ఆగిపోయిందట. ముందు రోజు రాత్రి ఛార్జింగు పెట్టడం మరిచిపోయారు. "మరి ఎలా వచ్చారు?" అని కంగారుగా అడిగాను. ఆయన సంచిలోని వంకాయలు చాటలో పోస్తూ, "కింద కర్ర అలాగే ఉందిగా. కాకపోతే దారి పొడుగునా తల వంచుకుని వచ్చాను" అన్నారు.