ఫ్యాన్ ఓనర్‌ది, బిల్లు మనది: వైజాగ్ అద్దె ఇళ్ల కరెంటు సంగతి

అందరికీ నమస్తే అండి. ఈ వీడియో అద్దెకున్న వాళ్ల కోసం, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లో ఉన్నవాళ్లు కూడా దయచేసి చివరిదాకా వినండి.

మేముండేది అక్కయ్యపాలెంలో, ఐదో ఫ్లోరు, మా పైన ఇంక డాబాయే. ఒక్క ఏసీ, మూడు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్, మే నెలలో 340 యూనిట్లు వచ్చాయి. మన వైజాగ్ ఉక్కపోత తెలిసిందే కదా, చెమట ఆరదు, కూలర్ పెడితే ఇంకా జిగట, అంచేత ఫ్యాను రోజుకి పదిహేను గంటలు తిరగాల్సిందే. ఆ ఫ్యాన్లేమో ఓనర్ ఆంటీ ఎప్పుడో ఇల్లు కొన్నప్పుడు బిగించినవి. ఒకసారి అడిగాను, "ఆంటీ, ఫ్యాన్లు మార్చుకుందామా, కరెంటు బాగా లాగుతున్నాయి" అని. "తిరుగుతున్నాయి కదా బాబూ, మార్చడం దేనికి" అన్నారు. ఆవిడ తప్పేం లేదండి. ఆవిడ డబ్బు పెడితే తగ్గేది నా బిల్లు. పోనీ నేను పెడదామంటే రేపు ఇల్లు ఖాళీ చేస్తే ఏంటి పరిస్థితి? కొనాల్సింది ఒకళ్లు, బిల్లు కట్టేది ఇంకొకళ్లు, అందుకే అద్దె ఇళ్లలో పాత సామానే ఏళ్ల తరబడి అలా నడుస్తూ ఉంటుంది.

ఇప్పుడు లెక్క చెప్తాను వినండి. పాత సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో 75 వాట్ల దాకా లాగుతుంది, కొత్త రకం మోటారుండే బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే 30 వాట్ల చుట్టూ. తేడా 45 వాట్లు, రోజుకి 15 గంటలు, అంటే ఒక్క ఫ్యానుకే నెలకి 20 యూనిట్లు, మూడింటికి 60. మన రాష్ట్రంలో 2022లో మార్చిన స్లాబుల ప్రకారం, అంటే ఎక్కువ కాల్చేకొద్దీ యూనిట్ రేటు పెరిగే మెట్ల ప్రకారం, 225 యూనిట్లు దాటాక యూనిట్ 8 రూపాయల 75 పైసలు, కాబట్టి మే లాంటి నెలలో అది 525 రూపాయలు. మనం తగ్గించేది ఎప్పుడూ పైన ఉన్న ఖరీదైన యూనిట్లే, కింద ఉన్న 1.90 రూపాయల యూనిట్లు కాదు, ఇది చాలామంది గమనించరు.

దీనికి దారి నాకు మన ఊరి వీధి దీపాల దగ్గర దొరికింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊరు ఊరంతా చీకటైపోయింది కదా, ఆ తర్వాత జీవీఎంసీ, అంటే మన వైజాగ్ కార్పొరేషన్ పరిధిలో 90 వేలకు పైగా వీధి దీపాలు ఎల్‌ఈడీకి మార్చారు. ముందు పెట్టుబడిలో ఎక్కువ భాగం ఈఈఎస్‌ఎల్ అనే కేంద్ర సంస్థ పెట్టుకుంది, కరెంటు ఖర్చు తగ్గగా మిగిలిన డబ్బులోంచి జీవీఎంసీ కొన్నేళ్ల పాటు తీర్చేలా ఒప్పందం. అంత పెద్ద ఊరికి కుదిరినప్పుడు నాకూ ఆంటీకీ ఎందుకు కుదరదు?

మళ్లీ వెళ్లి అడిగాను. ఫ్యాన్లు నేను కొంటాను, మూడూ కలిపి 8400, అందులో సగం నెలకి 700 చొప్పున ఆరు నెలలు అద్దెలో తగ్గించుకుంటాను, ఫ్యాన్లు మాత్రం మీకే ఉండిపోతాయి అన్నాను. ఆవిడ లెక్క రాయించుకుని మా అబ్బాయిని అడుగుతానన్నారు, రెండ్రోజులకి సరే అన్నారు. పదకొండు నెలల అగ్రిమెంట్ రెన్యువల్లో ఆ రెండు లైన్లు రాయించుకున్నాం. నా సగం 4200, చలికాలంలో స్లాబు దిగుతుంది కాబట్టి ఏడాదిలో వచ్చేస్తుందనుకోండి. మీ ఓనర్ ఒప్పుకోకపోతే పాతవి విప్పి అటక మీద పెట్టేయండి, వెళ్లేటప్పుడు అవే బిగించి మీవి పట్టుకుపోండి, కాకపోతే ముందు ఒక మాట చెప్పి విప్పండి.

పోర్షన్లలో ఉండేవాళ్లకి ఇంకో పెద్ద దెబ్బ ఉంది. గాజువాక, పెందుర్తి వైపు చాలా ఇళ్లలో రెండు పోర్షన్లకీ ఒకే మీటరు, లోపల సబ్ మీటరు పెడతారు. చెరో 150 యూనిట్లు కాల్చారనుకుందాం, విడివిడి మీటర్లుంటే ఎనర్జీ చార్జీ ఒక్కొక్కరికి 567, ఇద్దరికీ 1134. ఒకే మీటరైతే 300 యూనిట్లు ఒకే బిల్లులో పడి 1673 అవుతుంది! ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు నేను కలపలేదు. ఒక్క యూనిట్ కూడా ఎక్కువ కాల్చకుండానే ఐదొందల పైన తేడా. పక్క పోర్షన్ వాళ్లు ఏసీ వేస్తే మీ స్లాబు పెరుగుతుంది, ఇంక పొదుపు చెయ్యాలని ఎవరికి అనిపిస్తుంది చెప్పండి. విడిగా కనెక్షన్ కోసం మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌కి అప్లై చెయ్యమని ఓనర్‌ని గట్టిగా అడగండి.

అసోసియేషన్ వాళ్లూ, ఇప్పుడు మీ దగ్గరకొస్తున్నా. డాబా అందరిదీ, వేడి మాత్రం పై ఫ్లోరుది. మా బెడ్రూంలో రాత్రి పదకొండింటికి కూడా పైనుంచి సెగ దిగుతూనే ఉండేది, పగలంతా శ్లాబు పీల్చుకున్న ఎండ అది, ఏసీ దాంతో కుస్తీ పడుతుంది. తెల్ల సున్నమో, ఎండని వెనక్కి కొట్టే కూల్ రూఫ్ పెయింటో వేద్దామని మీటింగులో అడిగితే "పై ఫ్లోరు వాళ్లకే కదా లాభం" అన్నారు. కాదండీ, శ్లాబు రోజూ కాగి చల్లారి కాగి చల్లారి పగుళ్లిస్తే వానాకాలం లీకేజీ రిపేరు అందరి జేబులోంచీ పోతుంది. సున్నమైతే మన వానలకి కడుక్కుపోతుంది, ఏటా వెయ్యాలి, పెయింటు ఖరీదెక్కువ, ఎక్కువ కాలం ఉంటుంది. మావాళ్లు చివరికి సున్నానికి ఒప్పుకున్నారు, ఫిబ్రవరిలో వేయిస్తాం.

కామన్ మీటరు బిల్లు కూడా ఒకసారి తీసి చూడండి. కారిడార్లో పాత చోక్ ట్యూబ్‌లైటు 50 వాట్లు, ఎల్‌ఈడీ ట్యూబు 20. రాత్రంతా వెలిగే పది లైట్లు మారిస్తే నెలకి వంద యూనిట్లు దాటి తగ్గుతాయి. తర్వాత నీళ్ల మోటారు: వాచ్‌మన్ వేసి మర్చిపోతే ట్యాంకు పొంగుతుంది, అక్కడ పోయేది నీళ్లూ, కరెంటూ రెండూ, ట్యాంకు నిండగానే మోటారు ఆపేసే లెవెల్ కంట్రోలర్ పెట్టేయండి. డాబా మీద సోలార్ పెడితే పీఎం సూర్యఘర్ అనే కేంద్ర పథకం కింద అసోసియేషన్ల కామన్ అవసరాలకి కిలోవాటుకి 18 వేలు సబ్సిడీ ఉంది, దాని మీద విడిగా వీడియో చేస్తాను.

కొత్తగా ఇల్లు వెతుక్కునే వాళ్లకి ఒక్క మాట. టు లెట్ బోర్డు చూసి వెళ్లినప్పుడు నీళ్లొస్తాయా, పార్కింగ్ ఉందా అని అడుగుతాం కదా, అలాగే కిందటి మే నెల కరెంటు బిల్లు చూపించమని అడగండి, మీటరు మనకి విడిగా ఉందా అని అడగండి. ఏసీ ఉంటే దాని స్టార్ లేబుల్ మీద ఏ సంవత్సరమో చూడండి, స్టార్ల ప్రమాణాలు మధ్యమధ్యలో పెంచుతారు, పాత ఐదు స్టార్లు ఇప్పటి ఐదు స్టార్లు కావు. సముద్రానికి దగ్గరైతే అవుట్‌డోర్ యూనిట్ వెనక ఉండే పల్చటి రేకులు, ఫిన్లంటారు, అవి కూడా చూడండి, ఉప్పుగాలికి తినేసి పొడి రాలుతుంటే ఆ ఏసీ ఎంతసేపు నడిచినా గది సరిగ్గా చల్లబడదు, అద్దె మాట్లాడేటప్పుడే ఆ విషయం తేల్చుకోండి.