తగ్గింది సరే, మందు వల్లేనా?

యాంకర్: నమస్కారం. మొలలకు నోటి ద్వారా తీసుకునే మూలికా మందుల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. మీ సందేహాలు తీర్చడానికి సర్జన్ గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండి.

కాలర్: నమస్కారం మేడమ్. డాక్టర్ గారూ, నాకు... ఆ సమస్యే అండీ. రెండేళ్ల నుంచి ఉంది.

డాక్టర్: నమస్కారమండీ. మొలలు అనే చెప్పండి, పర్లేదు. ఆ మాట పైకి అనలేక ఏళ్ల తరబడి బాధ పడేవాళ్లని రోజూ చూస్తుంటాను.

కాలర్: అవునండీ, మొలలే. పోయిన నెల బాగా ఎక్కువైంది. దురద, మంట, రక్తం కూడా పడింది. మా తమ్ముడు మూలికల క్యాప్సూల్స్ తెచ్చిచ్చాడు. వారంలో తగ్గిపోయింది. ఇక ఎప్పటికీ అవే వాడుకోవచ్చా అని.

డాక్టర్: ఏ రోజు మొదలుపెట్టారు?

కాలర్: ఇక కూర్చోలేకపోయిన రోజు.

డాక్టర్: దాదాపు అందరూ ఆ రోజే మొదలుపెడతారండీ. చిక్కంతా అక్కడే ఉంది. మొలల బాధ ఎప్పుడూ ఒకేలా ఉండదు, పెరుగుతుంది, తగ్గుతుంది. బయటి మొలలో రక్తం గడ్డకట్టిందనుకోండి, మొదటి రెండు మూడు రోజులు విలవిల్లాడిపోతారు. వారం పది రోజుల్లో చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. బాధ బాగా ముదిరిన రోజున ఏది మింగినా, మర్నాటి నుంచి అదే తగ్గించినట్టు అనిపిస్తుంది. సరే, ఆ వారంలో ఇంకేమైనా మార్చారా?

కాలర్: నీళ్లు ఎక్కువ తాగాను. ఇసబ్గోల్ మొదలుపెట్టాను. బాత్రూంలో ఫోన్ పట్టుకుని కూర్చునేవాణ్ణి, అది మానేశాను.

డాక్టర్: మరి వీటిలో దేనివల్ల తగ్గిందంటారు?

కాలర్: ...అలా ఆలోచించలేదండీ.

యాంకర్: మరి ఒక మూలిక నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చేదెలా డాక్టర్ గారూ?

డాక్టర్: నల్లేరు అందరికీ తెలిసిందే కదా. థాయ్‌లాండ్‌లో మొలలకు దాన్ని చాలాకాలంగా వాడుతున్నారు. అక్కడి డాక్టర్లు దాన్ని పరీక్షకు పెట్టి, 2010లో ఫలితాలు ప్రకటించారు. మొలలు ఒక్కసారిగా ముదిరిన 500 మందికి పైగా రోగులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి నల్లేరు, ఒక గుంపుకి మొలలకు వాడే డయోస్మిన్ అనే మందు ఉన్న మాత్ర, మూడో గుంపుకి ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్ర. మూడు గుంపుల మధ్యా తేడా కనిపించలేదు. ఆ మూడో గుంపే లేకపోయుంటే? నల్లేరు, డయోస్మిన్ రెండూ సమానంగా పనిచేశాయని రాసుకునేవాళ్లం. అందుకే ఏ మూలిక గురించైనా నేను మొదట అడిగేది, దేనితో పోల్చి చూశారని.

యాంకర్: అంటే డయోస్మిన్ కూడా దండగేనా?

డాక్టర్: ఒక్క ట్రయల్, అంటే రోగుల మీద చేసిన ఒక్క పరీక్ష చూసి ఆ మాట అనలేం. డయోస్మిన్, హెస్పెరిడిన్ నిమ్మజాతి పండ్లకు సంబంధించిన పదార్థాలు, వాటి మీద ట్రయల్స్ చాలానే జరిగాయి. ఈ తరహా మందులన్నిటి మీదా జరిగిన ట్రయల్స్‌ను వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ 2012లో కలిపి చూసింది. దురద, రక్తం పడటం, జిగురు కారడం తగ్గాయి. నొప్పి విషయంలో మాత్రం గట్టి తేడా తేలలేదు. పైగా ఆ ట్రయల్స్‌లో కొన్ని సరిగ్గా జరగలేదని వాళ్లే రాశారు. కొంత ఉపయోగం ఉందనే నేను నమ్ముతున్నాను, కానీ మొల ఊడిపోతుందని చెప్పే ప్రకటనని నమ్మకండి. ఇక మీరు వాడే ఇసబ్గోల్ ఉంది చూశారూ, అదీ మొక్కదే, పీచు పదార్థం. పీచు మీద 7 ట్రయల్స్ కలిపి 2005లో చూస్తే, రక్తం పడే అవకాశం దాదాపు సగానికి తగ్గింది. గ్లాసు నిండా నీళ్లతో తీసుకోండి, లేకపోతే గొంతులోనే ఉబ్బి అడ్డుపడొచ్చు.

కాలర్: అయితే క్యాప్సూల్స్ ఆపేసి చూడమంటారా?

డాక్టర్: చూడొచ్చు. నోట్‌బుక్‌లో రోజూ మూడే రాయండి: రక్తం పడిందా, మలం గట్టిగా ఉందా, దురద పదికి ఎంత. రెండు వారాలు ఇసబ్గోల్, నీళ్లు మాత్రమే. తర్వాత రెండు వారాలు క్యాప్సూల్ కలపండి, మళ్లీ ఆపండి. ఒకేసారి రెండు మార్చొద్దు. కానీ దానికంటే ముందు... మీ వయసెంతండీ?

కాలర్: 52.

డాక్టర్: రెండేళ్లలో ఎవరైనా పరీక్ష చేశారా?

కాలర్: లేదండీ. మొలలే కదా అని...

డాక్టర్: మొలలేనని మీకెవరు చెప్పారు? బాబూ, తప్పు పట్టడం లేదు, మీకోసమే గట్టిగా అడుగుతున్నాను. పెద్దపేగు క్యాన్సర్‌లో కూడా రక్తం ఇలాగే పడొచ్చు. లోపలి మొల వేలికి కూడా సరిగ్గా అందదు, ప్రోక్టోస్కోప్ అనే చిన్న గొట్టం మలద్వారంలో పెట్టి చూస్తే ఐదు నిమిషాల పని. మీ వయసుకి కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగంతా చూసే పరీక్ష కూడా అవసరం కావచ్చు. నోట్‌బుక్ తర్వాత. ఈ వారమే వెళ్లండి.

కాలర్: ...సరేనండీ. వెళ్తాను.

యాంకర్: ఇంకో కాల్. చెప్పండమ్మా.

కాలర్ 2: మా నాన్నగారికి గుండె జబ్బు, రక్తం పలచబడే మందు వాడుతున్నారు. పైల్స్‌కి ఒక హెర్బల్ మాత్ర కొన్నాం. మూలికలే కదా, ఏం కాదన్నారు.

డాక్టర్: డబ్బా దగ్గరుందా తల్లీ? మీద ఏం రాసుంది?

కాలర్ 2: జింకో బిలోబా అని ఉంది... ఇంకో రెండు పేర్లున్నాయి.

డాక్టర్: అది ఇవ్వకండి. రక్తం పలచబడే మందుతో జింకో కలిస్తే రక్తస్రావం పెరగొచ్చు. గుండె మందు మాత్రం మీరై మీరు ఆపొద్దు. ఆ డబ్బా తీసుకుని ఆయన గుండె డాక్టరుకే చూపించండి. రక్తం ఎక్కువ పోతున్నా, కళ్లు తిరుగుతున్నా, మలం తారులా నల్లగా వచ్చినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

కాలర్ 2: ఇప్పుడే అమ్మకి చెప్తాను డాక్టర్ గారూ.

యాంకర్: ఇందాక మాట్లాడిన 52 ఏళ్ల ఆయన మళ్లీ లైన్లో ఉన్నారు. చెప్పండి.

కాలర్: రేపు పొద్దున్నకి అపాయింట్‌మెంట్ దొరికిందండీ. కొంచెం టెన్షన్‌గానే ఉంది. ఆ క్యాప్సూల్స్ సంగతి వాళ్లకి చెప్పాలా?

డాక్టర్: చాలా సంతోషమండీ. తప్పకుండా చెప్పండి, డబ్బాతో సహా పట్టుకెళ్లండి. రక్తం ఎప్పటి నుంచి పడుతోందో, ఇంట్లో ఎవరికైనా పేగు జబ్బు ఉందేమో రాత్రే కాగితం మీద రాసి పెట్టుకోండి, అక్కడ కంగారులో మర్చిపోతారు. తోడుగా మీ తమ్ముణ్ణి తీసుకెళ్లండి.