గ్రూపులో ఉంటే ట్రైనింగ్ అయిపోయినట్టేనా సార్?

నమస్తే సార్, నమస్తే మేడమ్. నేరుగా విషయానికి వస్తా. "టీచరుగా ఇంకా నేర్చుకోవడానికి సోషల్ మీడియా వాడుతున్నారా?" అని అడిగితే చాలామంది ఒకటే మాట అంటారు: "ఎందుకు వాడం, పది వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నాం కదా!" ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. గ్రూపులో ఉంటేనే నేర్చుకున్నట్టయితే, కర్నూలు బస్టాండులో కూర్చున్నవాళ్లంతా హైదరాబాద్ చేరిపోయినట్టే.

ఆ గ్రూపుల్లో ఏముంటుందో మీకు నేను చెప్పాలా? "అర్జెంట్, సాయంత్రం 4 లోగా షీట్ నింపండి." డీఏ జీవో. బదిలీల పుకారు. గులాబీ పువ్వుతో శుభోదయం. మధ్యలో ఎవరో పడేసిన 80 పేజీల పీడీఎఫ్, దాని కింద వరుసగా దండాలు. దండం పెట్టినవాళ్లలో ఎంతమంది దాన్ని తెరిచారో అడగొద్దు. ఆఫీసు పని నడవాలి, కాదనను. దాన్ని నేర్చుకోవడం అనకండి, అంతే.

మరి నేర్చుకోవడం ఎలా ఉంటుంది? ఒక్క లెక్క తీసుకుందాం.

(స్క్రీన్ మీద: 0.25, 0.3. ఏది పెద్దది?)

ఆరో తరగతి పాప 0.25 పెద్దదని రాసింది. మామూలుగా ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి ముందుకు పోతాం. అలా కాకుండా ఆ జవాబును ఫోటో తీసి, పేరు కనపడకుండా, లెక్కల టీచర్లు నలుగురున్న గ్రూపులో పెట్టండి. "దీన్ని ఎలా చెప్పాలి?" అని అడగొద్దు, వెంటనే మళ్లీ పీడీఎఫ్ వస్తుంది. "ఈ పాప ఎందుకిలా అనుకుంది?" అని అడగండి.

అప్పుడు ఆదోని నుంచి ఒకరు అంటారు, 25 అంటే 3 కన్నా పెద్దది కదా, చుక్క తర్వాత ఉన్నదాన్నీ మామూలు సంఖ్యలాగే చూసిందని. కదిరి నుంచి ఒక మేడమ్ అంటారు, "సార్, మనమే 'పాయింట్ ఇరవై ఐదు' అని చదువుతున్నాం. 'పాయింట్ రెండు ఐదు' అనాలి కదా?" చూశారా, పాప నోటుబుక్కులో తప్పు మన నోట్లో దొరికింది!

నాకు బాగా నచ్చేది దీని తర్వాతి ముక్క. ఇంకొకరు గర్వంగా రాస్తారు, "మా పిల్లలంతా 0.3 అనే రాశారు, మాకీ సమస్య లేదు" అని. "అయితే రేపు 0.4, 0.45 ఇచ్చి చూడండి" అంటారు పక్కనోళ్లు. ఇస్తే కొందరు 0.4 పెద్దదంటారు! పదో వంతు నూరో వంతు కన్నా పెద్దది కాబట్టి, చుక్క తర్వాత అంకెలు తక్కువున్నదే పెద్దదని వాళ్లు తేల్చేసుకున్నారు. అంటే 0.3 అని సరిగ్గా రాసింది కూడా తప్పుడు లెక్కతోనే. మెల్‌బోర్న్ యూనివర్సిటీలో కే స్టేసీ, విక్కీ స్టైన్లే ఈ రెండు రకాల పొరపాట్లనూ ఏళ్ల తరబడి పరిశీలించారు. ఒక్క ప్రశ్నతో పిల్లల ఆలోచన బయటపడదు, రెండూ అడగాలి. ఏ పీడీఎఫ్ ఈ మాట మీ క్లాసు చూసి చెబుతుంది?

తర్వాత చెప్పే పద్ధతి. మన దగ్గర చెనక్కాయలకు కొదవా? కాటా తెచ్చి 0.25 కిలో, 0.3 కిలో పిల్లలతోనే తూయించండి. 250 గ్రాములు, 300 గ్రాములు, కళ్ల ముందే తేలిపోతుంది. రూపాయలు పైసలతో మాత్రం జాగ్రత్త, చుక్కకు అటో సంఖ్య, ఇటో సంఖ్య అనే భ్రమ గట్టిపడుతుంది. తూయించాక ఏమైందో మళ్లీ గ్రూపులో రాయండి. పనిచేయకపోయినా రాయండి. అందరూ ఎగ్గొట్టేది ఈ పనినే.

2020 జాతీయ విద్యా విధానం టీచరుకు ఏటా కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంది. టీచర్ల శిక్షణకు కేంద్రం పెట్టిన నిష్ఠ కోర్సులు ఆ ఏడాదే దీక్ష అనే ఆన్‌లైన్ వేదికలోకి వచ్చాయి. ఫోనులో వీడియో నడుస్తుంటే మనం పక్కన ఇంకో పని చేసుకున్న సంగతి మనకూ తెలుసు, ఫోనుకూ తెలుసు. కోర్సు పనికిరాదని కాదు. దాన్లోంచి ఒక్క ప్రశ్న గ్రూపుకు తెస్తే చాలు, దానికి ప్రాణం వస్తుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. గ్రూపు చిన్నదిగా, ఒకే సబ్జెక్టుతో ఉండాలి. కానీ ఒకే మండలం వద్దు. కోసిగి వైపు నుంచి పిల్లలు అమ్మానాన్నలతో పత్తి, మిరప కోతలకు గుంటూరు దిక్కు పోతారు కదా, అక్కడి టీచర్లు గ్రూపులో ఉంటే ఆ పిల్లల చదువు ఎక్కడ ఆగిందో మాట్లాడుకోవచ్చు. వాట్సాప్‌లో కొత్తగా చేరినవాళ్లకు పాత చర్చ మొత్తం కనపడదు, టెలిగ్రామ్‌లో కనపడేలా పెట్టుకోవచ్చు. పిల్లల ముఖాలు, పేర్లు, మార్కుల జాబితాలు పెట్టొద్దు, జవాబు ఫోటో చాలు.

ఎంఈఓ గారిని, అంటే మండల విద్యాధికారిని, చేర్చాలా అని అడుగుతారు. వద్దు సార్. పై అధికారి ఉన్నచోట "ఈ పాఠం నాకు సరిగ్గా రావడం లేదు" అని ఎవరు రాస్తారు? ఆయన్ని ఎలాగూ చుట్టుపక్కల బడుల టీచర్లంతా కూడే కాంప్లెక్స్ మీటింగులో కలుస్తాం.