రౌటర్ దీపాలు చూశారా?

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోతే ముందుగా కంపెనీని తిట్టుకుంటాం. నేనూ తిట్టుకున్నాను. పోయిన వేసవిలో విజయవాడలోని మా ఇంట్లో సాయంత్రం 7 దాటితే చాలు, నెట్ పోయేది. రెండు నిమిషాలకు వచ్చేది, మళ్లీ పోయేది. పగలంతా బుద్ధిగా పనిచేసేది. ఫిర్యాదు చేస్తే ఒక కుర్రవాడు మధ్యాహ్నం పూట వచ్చి, ఫోనులో వేగం చూపించి, "బాగానే ఉంది కదండీ" అని వెళ్లేవాడు. రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ బాగానే ఉంది!

అసలు సంగతి పట్టింది మా అమ్మ. సీరియల్ మధ్యలో ఆగిపోతే ఆవిడకు ఇంకేం పని, రౌటర్ వైపే చూస్తూ కూర్చునేది. "ఒరేయ్, నెట్ పోయినప్పుడల్లా ఆ పెట్టె మీద దీపాలన్నీ ఒక్కసారే ఆరిపోతున్నాయిరా" అంది.

అన్నీ ఒక్కసారే. ఈ మాట గుర్తుంచుకోండి. ఇంటికి నెట్ తెచ్చే ఫైబర్ తీగ బయట తెగితే ఎర్రదీపం వెలుగుతుంది, పవర్ దీపం మాత్రం అలాగే ఉంటుంది. అన్నీ ఒక్కసారే ఆరి, మళ్లీ ఒక్కొక్కటిగా వెలుగుతున్నాయంటే పెట్టెకు కరెంటు సరిగా అందడం లేదన్నమాట.

టీవీ వెనక చెయ్యి పెట్టి, రౌటర్‌కు కరెంటు ఇచ్చే అడాప్టర్ పట్టుకుంటే కాలిపోతోంది. ఆరేళ్ల నాటిది. మరమ్మతు దుకాణానికి తీసుకెళితే ఆయన మీటరు పెట్టాడు. సరిగ్గా 12 వోల్టులు! నా మొహం వాడిపోయింది. ఆయన నవ్వి, దానికి ఒక చిన్న బల్బు తగిలించి మళ్లీ చూపించాడు. ముల్లు 9కి జారింది. ఊరికే నిలబడమంటే నిలబడే ముసలాయన, బస్తా ఎత్తమంటే కూలబడినట్టు. లోపల కరెంటును నిలకడగా ఉంచే కెపాసిటర్లనే చిన్న భాగాలు వేడికి ఎండిపోతాయట. సాయంత్రం ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకుంటే రౌటర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, అడాప్టర్ ఇవ్వలేక చేతులెత్తేస్తుంది. మధ్యాహ్నం వచ్చిన కుర్రవాడికి దొరక్కపోవడంలో వింతేముంది? పాపం, అతన్ని అనవసరంగా తిట్టుకున్నాను.

తీగలూ ఇలాగే ముసలివవుతాయి. రౌటర్ నుంచి కంప్యూటర్‌కు వెళ్లే కేబుల్లో ఎనిమిది తీగలుంటాయి. సెకనుకు 1000 మెగాబిట్ల వేగానికి ఎనిమిదీ కావాలి, 100కు నాలుగు చాలు. ఎలుక కొరికో, తలుపు కింద నలిగో ఒకటి తెగితే నెట్ పూర్తిగా ఆగకుండా 100 దగ్గరే నడుస్తూ ఉండవచ్చు. ఆగలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. 200 మెగాబిట్లకు డబ్బు కట్టి 90కి సరిపెట్టుకునే ఇళ్లు ఎన్నో!

మళ్లీ అడాప్టర్ దగ్గరికి వద్దాం. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్లండి. దాని మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉందనుకోండి. వోల్టులు 12 మాత్రమే ఉండాలి, ఒక్కటి కూడా ఎక్కువ వద్దు. ఆంపియర్లు 1 కాని, అంతకు మించి కాని ఉండవచ్చు, తగ్గకూడదు. ప్లస్, మైనస్ గుర్తులున్న చిన్న బొమ్మ కూడా రెండింటి మీదా ఒకేలా ఉండాలి. పిన్ను పట్టింది కదా అని గుచ్చేయకండి, రౌటర్ కాలిపోవచ్చు.

మా పాత అడాప్టర్‌ను ఎవరూ పొరపాటున మళ్లీ వాడకుండా తీగ కత్తిరించి పక్కన పడేశాను. అమ్మ మాత్రం ఇప్పటికీ సీరియల్‌కు ముందు ఆ దీపాల వంక ఒకసారి చూస్తుంది.